కిల్న్‌ల పెట్టిన గ్లాసు పలిగిందా, పొంగిందా, మసకయ్యిందా: సమస్య - పరిష్కారం

మాది హన్మకొండ. హంటర్ రోడ్ దిక్కు ఇంటి ఎనుక రేకుల షెడ్డు, అండ్ల ఒకటిన్నర ఫీటు కొలత ఉన్న ఎలక్ట్రిక్ కిల్న్. వాడకట్టోళ్లు దాన్ని బట్టీ అంటరు, నేను గాజుల బట్టీ పెట్టిన్నని సగం మంది అనుకుంటున్నరు. చేసేది ఏందంటే ఫ్యూజింగ్, స్లంపింగ్. గ్లాసు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి కరిగించి ఒక్క పలక చేసుడు ఫ్యూజింగ్, ఆ పలకను మళ్ల మోల్డ్ మీద పెట్టి తక్కువ వేడిల మెత్తగ చేస్తే అదే జారి గిన్నె లెక్క వంగుడు స్లంపింగ్.

ఫ్యూజింగ్ కోసమే చేసే బుల్స్‌ఐ లాంటి గ్లాసు అమెరికా నుంచి రావాలె, ఆ రేటు నాతోని కాదు, అందుకే అద్దాల షాపుల మిగిలే కిటికీ అద్దం తుకడాలు తెచ్చుకుంట. దాన్నే ఫ్లోట్ గ్లాసు అంటరు. కింద రాసిన డిగ్రీలన్నీ 4 ఎంఎం ఫ్లోట్ రెండు పొరలు వేస్తే నా కిల్న్‌ల పనిచేసినయి, అన్నీ సెల్సియస్. బుల్స్‌ఐకి ఇవి పెట్టొద్దు, అది 804 దగ్గరనే పూర్తిగ కరుగుతది, అనీలింగ్ (చల్లారేటప్పుడు ఒక వేడి కాడ ఆపి మెల్లగ దించుడు) 482 దగ్గర చేస్తరు, ఫ్లోట్‌కు 825, 550 కావాలె.

ఇంకోటి, ముక్క పాడైతే వెంటనే ప్రోగ్రామ్ మార్చకండ్రి. నేను మొదటి ఏడాదంతా గదే చేసిన, పలిగితే టెంపరేచర్ పెంచుడు, మళ్ల పలిగితే తగ్గించుడు. పాడైన ముక్కను చేతిల పట్టుకోని చూస్తే అసలు సంగతి అదే చెప్తది.

పలిగింది. ఎప్పుడు పలిగింది?

పలిగిన అంచు మీద వేలిగోరు మెల్లగ ఆనిచ్చి చూడుండ్రి. అంచు మొద్దుగ, నున్నగ, చప్పరిచ్చిన పిప్పరమెంటు లెక్క ఉంటే వేడి ఎక్కేటప్పుడే పలిగింది, ఆ తర్వాత పై వేడికి అంచు కరిగి గుండ్రమైంది. బ్లేడు లెక్క కోసేటట్టు ఉంటే చల్లారేటప్పుడు పలిగింది. స్లంపింగ్‌ల వేడి తక్కువ కాబట్టి ఈ తేడా అంత తెలువది, అప్పుడు రెండు ముక్కలను దగ్గర పెట్టి చూడాలె. అచ్చం అతికినట్టు కూసుంటే దిగేటప్పుడు పలిగినట్టు, కూసోకుండ ఏ ముక్కకు ఆ ముక్క వేరేగ వంగి ఉంటే ఎక్కేటప్పుడే రెండైనట్టు.

ఎక్కేటప్పుడు పలిగితే కారణం ఒక్కటే, తొందర. గ్లాసు అంచులు ముందు వేడెక్కుతయి, నడుమ భాగం ఇంకా చల్లగనే ఉంటది, ఆ గుంజులాటల ఇరుగుతది. 550 దాటినంక ఎంత స్పీడు పెట్టినా ఏం కాదు, అంతకు ముందే జాగ్రత్త. విడి ముక్కలు పేర్చి ఫ్యూజ్ చేసేటప్పుడు నేను గంటకు 150 డిగ్రీలు పెడ్త, కానీ అవే ముక్కలు ఫ్యూజ్ అయినంక 8 ఎంఎం ఒక్కటే పలక కదా, దాన్ని స్లంప్ చేసేటప్పుడు గంటకు 80 మించను. చాలా మంది గీడనే దెబ్బ తింటరు, ఫ్యూజింగ్‌కు పనిచేసిన స్పీడే స్లంపింగ్‌కు పెట్టి. ఇట్ల పలిగిన ముక్కలను పారెయ్యొద్దు, దగ్గర జరిపి మళ్ల ఫుల్ ఫ్యూజ్ (825 దాక పోయి పూర్తిగ కరిగించుడు) చెయ్యొచ్చు, అతుకు గీత మాత్రం సన్నగ కనిపిస్తది.

దిగేటప్పుడు పలిగితే అనీలింగ్ సరిపోలేదు. గీత తిన్నగ ఉండదు, పాము పాకినట్టు వంకర తిరిగి పోతది. 825 నుంచి 550 దాక తొందరగ దిగనియ్యుండ్రి, అక్కడ ఒక గంట ఆపుండ్రి, తర్వాత 430 దాక గంటకు 50 చొప్పున, 300 దాక గంటకు 100, ఆ తర్వాత స్విచ్ బందు. మందం డబుల్ అయితే టైమ్ డబుల్ కంటే ఎక్కువనే పడ్తది, 8 ఎంఎం షెడ్యూల్ 16 ఎంఎం పలకకు పెట్టి పలిగిందని ఏడిస్తే ఎట్ల. మూత సంగతి అడగకుండ్రి, 200 దగ్గర ఒక్క వేలెడు సందు తెరిచి చూసిన ఒకసారి, టింగ్ అని శబ్దం, అంతే. ఇప్పుడు 60 కిందికి వచ్చేదాక షెడ్డుకే తాళం వేస్త. మే నెలల మా షెడ్డే 45 ఉంటది, 60 రావాలంటే తెల్లారుతది.

కిల్న్‌లకెళ్లి మంచిగనే వచ్చింది, నాలుగు రోజులకు పలిగింది

ఇది నాకు బతుకమ్మ పండుగప్పుడు తెలిసొచ్చింది. పళ్లెం మీద తంగేడు పువ్వు డిజైను కోసం పసుపు గాజులు, ఆకులకు ఆకుపచ్చ గాజులు ఇరగ్గొట్టి పెట్టి ఫ్యూజ్ చేసిన. బయటికి తీసినంక ఎంత మంచిగుండెనో, ఇంట్ల షోకేసుల పెట్టినం. సద్దుల నాడు రాత్రి ఎవ్వరూ ముట్టకుండనే టప్ అన్నది. పొద్దున చూస్తే పగుళ్లన్నీ గాజు ముక్కల చుట్టూతనే తిరిగినయి, ముక్క అంచు ఎట్ల పోతే పగులు గూడ అట్లనే పోయింది. అమ్మ దిష్టి తగిలిందన్నది, ఎర్రనీళ్లు కూడ తీసింది.

దిష్టి కాదు, వ్యాకోచం. ప్రతి గ్లాసు వేడికి సాగుడు, చల్లారితే ముడుచుకునుడు ఒక లెక్క ప్రకారం ఉంటది, దాన్ని సీఓఈ అంటరు. బుల్స్‌ఐది 90, ఇంకో రకం ఫ్యూజింగ్ గ్లాసుది 96, ఫ్లోట్‌ది 83, 85 ఆ చుట్టుపక్కల. గాజులది ఏ లెక్కనో డబ్బా మీద రాసి ఉండదు కదా. రెండు వేర్వేరు గ్లాసులు కరిగినప్పుడు దోస్తులే, చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటది, రెండోది రానియ్యది, ఆ పంచాయితీ లోపలనే ఉండి ఎప్పుడో ఒకనాడు బయటపడ్తది. సీసాలు గూడ అంతే, రెండు రంగుల సీసాలు కలిపి ఫ్యూజ్ చేస్తే నమ్మకం లేదు. పలిగిన దాన్ని మళ్ల కరిగించి లాభం లేదు, మళ్ల పలుగుతది.

పెట్టకముందే టెస్ట్ చేసుకోవచ్చు, ఖర్చు లేదు. రెండంగుళాల ఫ్లోట్ ముక్క మీద అనుమానం ఉన్న గ్లాసు తుకడ ఒకటి, పక్కకు అదే ఫ్లోట్‌ది ఇంకో తుకడ పెట్టి ఫుల్ ఫ్యూజ్ చేసి మంచిగ అనీల్ చెయ్యుండ్రి. లాప్‌టాప్‌ల తెల్ల పేజీ తెరిచి, దాని ముంగట ఆ ముక్కను పట్టుకోని, పోలరాయిడ్ కళ్లద్దాల నుంచి చూసుకుంట అద్దాలను తిప్పుండ్రి, ఒక కాడ స్క్రీన్ మొత్తం నల్లగైతది. అప్పుడు తుకడ చుట్టూ తెల్లగ వెలుగు అంచు కట్టినట్టు కనిపిస్తే ఆ గ్లాసు పనికిరాదు. ఫ్లోట్ తుకడ చుట్టూ గూడ వెలుగు ఉంటే మీ అనీలింగే సరిగ్గ లేదు, ముందు అది చూసుకోవాలె.

బుడగలు

చిన్న చిన్న బుడగలు ఎట్లయినా ఉంటయి, వాటికి నేనైతే బాధపడ. పూరీ లెక్క పొంగి నడుమ పలిగి గుంత పడితేనే సమస్య. గుంత కింది దాక పోయి షెల్ఫ్ (కిల్న్‌ల గ్లాసు పెట్టే పలక) కనబడితే గాలి గ్లాసు కిందికెళ్లి వచ్చింది, అంటే గ్లాసు అంటుకోకుండ షెల్ఫ్ మీద పూసిన కిల్న్ వాష్ ఆరలేదు, లేకుంటే షెల్ఫ్ నడుమ గుంత ఉంది. స్టీలు స్కేలు నిలువుగ పెట్టి అటుదిక్కు టార్చ్ కొడితే సందు తెలుస్తది. పై పొర ఒక్కటే పొంగితే గాలి రెండు పొరల నడుమ చిక్కింది. దానికి మందు బబుల్ స్క్వీజ్, అంటే 600 నుంచి 670 దాక గంటకు 50 చొప్పున మెల్లగ పోయి అక్కడ అరగంట ఆగుడు. పై పలక మెత్తబడి నడుమకెళ్లి అంచులకు గాలిని నూకుతది. పొరల నడుమ అదే గ్లాసు పొడి పల్చగ చల్లితే గాలికి బాట దొరుకుతది. అంచుల చుట్టూ ముక్కలు పేర్చి నాలుగు దిక్కులు మూసేస్తే మాత్రం ఎంత స్క్వీజ్ చేసినా గాలి ఎటు పోతది.

మసక

మసకలు రెండు రకాలు, రెండిటికీ మందు వేరు.

మొదటిది డీవిట్. గ్లాసు మీద పాల మీగడ లెక్క, కొన్నిసార్లు గరుకుగ, మెరుపు లేని పొర. గ్లాసు పైపొర స్ఫటికం కట్టుడు అది. ఫ్లోట్‌కు ఈ రోగం ఎక్కువ. 670 నుంచి 760 నడుమ ఎక్కువసేపు ఉంటే, అందుల వేలిముద్రలు, కట్టర్ నూనె, దుమ్ము ఉంటే ఖాయం. కాబట్టి స్క్వీజ్ అయినంక 825 దాక ఆగకుండ పోవాలె, పైన 10 నిమిషాలు చాలు, దిగేటప్పుడు గూడ ఆ జాగల ఉండొద్దు. తుడిచినంక గ్లాసును అంచులు పట్టుకోనే లేపాలె. మందు మన అవుసులాయన దగ్గరనే దొరుకుతది, వెలిగారం. డిస్టిల్డ్ వాటర్ల కొద్దిగ కరిగించి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి బ్రష్‌తోటి పల్చగ పూసి పూర్తిగ ఆరనిచ్చి కాల్చుండ్రి. మసకవడ్డ ముక్కకైనా పైపొర గీకి ఇదే పూసి మళ్ల ఫుల్ ఫ్యూజ్ చేస్తే చాలాసార్లు మెరుపు వస్తది. ఎక్కువ పూస్తే గీతలు గీతలు వస్తయి.

రెండోది గిన్నె లోపల దిక్కే, వంపు ఉన్న కాడ, వేలితోటి తుడిస్తే పోయేటట్టు కనిపించి పోని మబ్బు. ఇది తగరం పని. ఫ్లోట్ గ్లాసును కరిగిన తగరం మీద తేలేసి చేస్తరు, అందుకే ఒక దిక్కుకు కనిపించని తగరం పొర అంటుకోని ఉంటది. స్లంప్ అయితే లోపలి దిక్కు దగ్గరకు ముడుచుకుంటది, తగరం ఆ దిక్కు ఉంటే ముడతలు పడి మబ్బు లెక్క కనిపిస్తది. కాబట్టి తగరం దిక్కు ఎప్పుడూ కిందికే. ఏ దిక్కునో కంటికి తెలువది, 254 నానోమీటర్ల యూవీ లైటు చీకట్ల ఏటవాలుగ పెడితే తగరం దిక్కు పాలలెక్క మెరుస్తది. నోట్లు చెక్ చేసే లైటుతోని కాదు, అది వేరే యూవీ, నేను కొని పైసలు పోగొట్టుకున్న. 254 లైటు కండ్లకు మంచిది కాదు, కండ్లద్దాలు పెట్టుకోవాలె, నేరుగ చూడొద్దు. గుర్తించినంక ఆ దిక్కు మార్కర్‌తోటి చుక్క పెట్టి, కాల్చేముందు తుడుసుడే. ఒకసారి వచ్చిన మబ్బు మాత్రం పోదు, ఇసుక బ్లాస్టింగ్ చేసి ఫ్రాస్టెడ్ గిన్నె అని అమ్ముకోవచ్చు, నేను అట్ల రెండు అమ్మిన.

కింద తెల్లగ అంటుకుంది

కిల్న్ వాష్ అంటే అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే కలిపిన పూత. ఫుల్ ఫ్యూజ్ వేడికి అండ్ల క్లే మారిపోతది, రెండోసారి అదే పూత మీద కాలిస్తే గ్లాసుకు పట్టుకుంటది. పాతది గీకి కొత్తది పూయాలె ప్రతిసారి, పొదుపు చెయ్యొద్దు. స్లంప్ వేడికి మాత్రం ఒకే పూత చాలాసార్లు వస్తది. అంటుకున్నదాన్ని కిరాణం షాపుల దొరికే నిమ్మఉప్పు నీళ్లల్ల రాత్రంత నానబెట్టి ప్లాస్టిక్ పీచుతోటి రుద్దితే చాలా మటుకు పోతది. పూతను గీకేటప్పుడు మాస్కు, తడిగుడ్డ తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పోతే ఏ మందూ లేదు.

అంచులు లోపలికి గుంజుకున్నయి, ముళ్లు వచ్చినయి

ఒక్కటే పొర, 3 లేదా 4 ఎంఎం, ఫుల్ ఫ్యూజ్ చేస్తే గిట్లనే అయితది. కరిగిన గ్లాసు తనంతట తాను 6, 7 ఎంఎం మందానికి రావాలని చూస్తది, తక్కువుంటే అంచులు గుంజుకుంటది, ఎక్కువుంటే పారుతది. రెండు పొరలు వెయ్యుండ్రి, లేకుంటే వేడి తగ్గించి టాక్ ఫ్యూజ్ (ముక్కలు పూర్తిగ కరగకుండ అతుక్కునుడు) తోనే సరిపెట్టుకోండ్రి. ముళ్లను డైమండ్ ప్యాడ్‌తోటి తడిపి రుద్దితే పోతయి.

గిన్నె ఒక దిక్కే జారింది, అడుగు లేచింది, మోల్డ్‌ల ఇరుక్కుంది

ఒక దిక్కు జారితే ముందు మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి మోల్డ్ మీద పెట్టుండ్రి, పదింట తొమ్మిదిసార్లు గదే. అడుగు బోర్లించినట్టు పైకి లేస్తే వేడి ఎక్కువైంది, లేకుంటే మోల్డ్ కింది రంధ్రం పూతతోటి మూసుకుపోయింది. ఫ్లోట్‌కు 700 దగ్గర పది నిమిషాలకోసారి చూసుకుంట ఉండాలె, జారినంక ఆపాలె, కంట్రోలర్ పెట్టి పోయి పండుకునే పని కాదు.

మోల్డ్ దేనితోటి చేసింది అన్నది పెద్ద ముచ్చట. మట్టిది చల్లారినప్పుడు గ్లాసు కంటే తక్కువ ముడుచుకుంటది, స్టీలు ఎక్కువ ముడుచుకుంటది. అందుకే మట్టి మోల్డ్ లోపలికి జారిస్తే గ్లాసు వదులై సులువుగ వస్తది, మట్టి మోల్డ్‌ను బోర్లించి దాని మీద కప్పితే గ్లాసు బిగుసుకోని పలుగుతది. స్టీలు గిన్నెకు ఉల్టా, బోర్లించి పైన కప్పాలె, లోపల జారిస్తే స్టీలే గ్లాసును పిండి పలగ్గొడ్తది. నేను కుమ్మరాయన దగ్గర రంగు వెయ్యని మూకుడు తెచ్చి, అడుగున రెండు సన్న రంధ్రాలు చేసి, పూత పూసి, ఖాళీగ 120 దగ్గర గంటసేపు ఆరబెట్టి వాడుత. ఇప్పటికి ఆరు గిన్నెలు తీసిన ఒక్క మూకుడుల.

కంట్రోలర్ నంబర్, కరెంటు

అన్నీ సరిగ్గనే చేసినా రోజుకో తీరుగ వస్తుంటే కరెంటు దిక్కు చూడాలె. 230 బదులు 200 వోల్టులు వస్తే ఎలిమెంట్ ఇచ్చే వేడి ముప్పావు భాగమే, ఎందుకంటే వేడి వోల్టేజ్ వర్గం లెక్కన తగ్గుతది. ఎండాకాలం సాయంత్రం పెడితే కంట్రోలర్ అడిగిన స్పీడు కిల్న్ అందుకోది, డీవిట్ అయ్యే జాగల ఎక్కువసేపు ఉంటది, మీరేమో గ్లాసును తిడుతుంటరు. నేను రాత్రి 11 తర్వాతనే పెడ్త. కొత్తగ థర్మోకపుల్ (కిల్న్ లోపలి వేడిని కొలిచేది) బిగిస్తే, వేడి చేస్తుంటే నంబర్ కిందికి పోతుంటే వైర్లు ఉల్టా ఉన్నయి, మార్చి బిగియ్యుండ్రి, రంగులను నమ్మకుండ్రి, దేశానికో తీరు రంగులు.

అనీలింగ్ నడుస్తుంటే కరెంటు పోతే మూత ముట్టొద్దు. కొన్ని కంట్రోలర్లు కరెంటు రాంగనే ప్రోగ్రామ్ మొదటికెళ్లి షురూ చేస్తయి, పై వేడి దాక మళ్ల ఎక్కిచ్చి మీ గిన్నెను పాడు చేస్తయి, కాబట్టి ముందు మెయిన్ స్విచ్ ఆపుండ్రి. థర్మోకపుల్ పెట్టే వీలున్న మల్టీమీటర్ ఒకటి ఉంచుకుంటే కరెంటు లేకున్నా లోపల ఎంతుందో తెలుస్తది. 550 కంటే ఎక్కువుంటే కరెంటు వచ్చినంక 550 స్టెప్ నుంచే నడిపియ్యుండ్రి. తక్కువకు పడిపోతే గంటకు 80 చొప్పున మెల్లగ 550కి తెచ్చి గంట ఆపి మొత్తం అనీలింగ్ మళ్ల చెయ్యాలె. నేను కరెంటు పోయిన టైమ్, అప్పటి డిగ్రీలు సుద్దముక్కతోటి షెడ్డు తలుపు మీద రాస్త, ఫోన్‌ల రాస్తే పొద్దున ఎక్కడ రాసిన్నో నాకే దొరకది.