బట్టీకి వచ్చిన కుటుంబానికి రేషన్, అంగన్‌వాడీ, బడి ఇక్కడే ఇప్పించడం ఎలా?

దీపావళి దాటిందంటే పెద్దపల్లి, కరీంనగర్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. బలంగీర్, నువాపడా వైపు వాళ్లు ఎక్కువ. మళ్లీ వానలు మొదలయ్యేదాకా ఊరి మొహం చూడరు. అన్ని నెలలూ వాళ్ల రేషన్ బియ్యం అక్కడ ఆగిపోతాయి, వీళ్లు ఇక్కడ కిరాణా దుకాణంలో కొనుక్కు తింటారు.

సాయం చేద్దామనుకునే మనవాళ్లు మొదట చేసే పొరపాటు, కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టిద్దామని మీసేవకు తీసుకుపోవడం. కొత్త కార్డు అక్కర్లేదు, ఆధార్‌లో చిరునామా మార్చే పని అంతకన్నా లేదు. ఒకే ఆధార్ రెండు కార్డుల్లో కనబడితే ఊళ్లో ఉన్న కార్డుకే ఎసరు వస్తుంది. ఉన్న కార్డునే ఇక్కడ వాడించాలి.

రేషన్

ముందు కార్డు ఏ రకమో అడగండి. 2013 ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డుకే వేరే రాష్ట్రంలో బియ్యం వస్తాయి. ఒడిశా ప్రభుత్వం సొంత పథకం కింద ఇచ్చిన కార్డులు వేరే ఉన్నాయి, అవి ఇక్కడ చెల్లవు. కార్డు సర్దారు (కూలీలను తీసుకొచ్చిన మేస్త్రీ) దగ్గరో ఊళ్లో పెట్టెలోనో ఉండిపోతే కంగారు పడొద్దు. కార్డు నంబరు గానీ, కార్డులో పేరున్న ఒకరి ఆధార్ నంబరు గానీ చాలు. ఆ మనిషి మాత్రం దుకాణానికి స్వయంగా రావాలి.

నెల మొదటి వారంలోనే తీసుకెళ్లండి. పదో తారీఖు దాటితే 'స్టాకు అయిపోయింది' అనే మాట ఎక్కువగా వినపడుతుంది. అసలు చిక్కు వేలిముద్రల దగ్గర. రోజంతా మట్టి పిసికిన వేళ్లకు గీతలు అరిగిపోయి ఉంటాయి, యంత్రం పట్టుకోదు. చేతులు సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, పది వేళ్లూ ఒక్కొక్కటిగా ప్రయత్నించమనండి. అయినా కాకపోతే కంటిపాప స్కాన్ పెట్టమని అడగండి, లేదంటే కార్డులోని ఇంకొకరిని తీసుకురండి.

మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ (నిరుపేదలకిచ్చే) కార్డైతే ఇంటికి 35 కిలోలు. పైసా కట్టనక్కర్లేదు. మన కార్డులకు ఇచ్చే 6 కిలోల లెక్క వీళ్లకు వర్తించదు, దాని కోసం డీలరుతో తగువు పెట్టుకోవద్దు. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. కార్డులో ఐదుగురు ఉండి, ముసలమ్మ ఒక్కతే ఊళ్లో ఉందనుకోండి. మొత్తం 25 కిలోలూ ఇక్కడే ఎత్తితే ఆ నెల ఆమెకు గింజ దొరకదు. 20 కిలోలే కొట్టమని డీలరుకు ముందే చెప్పండి, మిగతా 5 ఆమె అక్కడ తీసుకుంటుంది.

ఆరు నెలలు వరుసగా బియ్యం ఎత్తని కార్డును తాత్కాలికంగా ఆపేయాలని 2025లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. బట్టీ సీజనూ దాదాపు అంతే. అందుకే ఆకలి తీరడానికే కాదు, కార్డు బతకడానికైనా ఇక్కడ ఎత్తించాలి. డీలరు కాదంటే వేరే రాష్ట్రాల కార్డుల హెల్ప్‌లైన్ 14445కు గానీ, పౌర సరఫరాల 1967కు గానీ ఫోన్ చేయండి.

భీవండి, సూరత్ మగ్గాలకు పోయిన మన వరంగల్ కుటుంబాలకూ ఇదే పద్ధతి. తెలంగాణలోనూ రాష్ట్ర ప్రభుత్వమే సొంతంగా ఇచ్చిన కార్డులు ఉన్నాయి, అవి బయట పనిచేయవు.

అంగన్‌వాడీ, టీకాలు

ఇక్కడ రేషన్ కార్డు అడగరు. గర్భిణి, బాలింత, ఆరేళ్లలోపు పిల్లలు ఉంటే బట్టీకి దగ్గరలోని కేంద్రంలో పేరు రాయించండి. పిల్లవాడికి ఆధార్ లేకపోతే తల్లి ఆధార్ సరిపోతుంది. ఊళ్లో అంగన్‌వాడీలో పేరుంటే ఆ సంగతి టీచరుకు చెప్పండి. అంగన్‌వాడీ పేర్లు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వచ్చినట్టు మార్చుకోవాలి, లేకపోతే పేరు రెండు చోట్ల పడుతుంది. గర్భిణికి, బాలింతకు కేంద్రంలోనే భోజనం, గుడ్డు, పాలు. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పొడి. బట్టీలు ఊరికి దూరం కాబట్టి రోజూ రమ్మంటే రారు, పని పోతుందని భయం. ఎవరు ఎప్పుడు తీసుకొస్తారో బట్టీ యజమానితో ముందే మాట్లాడుకోవడం మంచిది. టీకా కార్డు పోయినా ఆశా కార్యకర్తను కలిసి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రి ఎలాగూ ఉంది. ఒడిశా 2025లో కేంద్ర ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కనుక ఆ కార్డు ఉన్నవాళ్లు ఇక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనూ చేరొచ్చు. ముందు ఆ పథకం హెల్ప్‌లైన్ 14555లో అడిగి వెళ్లండి.

బడి

టీసీ లేదని, పుట్టిన తేదీ పత్రం లేదని, సంవత్సరం మధ్యలో వచ్చారని బడి చేర్చుకోకుండా ఉండకూడదు. 2009 విద్యాహక్కు చట్టంలో ఈ మూడూ స్పష్టంగా రాసి ఉన్నాయి. హెడ్మాస్టరు తటపటాయిస్తే మండల విద్యాధికారికి తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. నోటిమాటగా చెబితే రేపు రమ్మంటారు. తరగతి వయసును బట్టి ఇవ్వాలి. పదేళ్ల పిల్లను తెలుగు రాదని ఒకటిలో కూర్చోబెడితే వారం తిరగకుండానే మానేస్తుంది.

ఊరికి మళ్లే ముందు

మే నెలలోనే ఈ పని పెట్టుకోండి. బట్టీ ఆరిపోయాక లారీ ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. బడి నుంచి టీసీ, టీకా కార్డులో ఇక్కడ వేసిన సూదుల వివరాలు, అంగన్‌వాడీలో పేరు బదిలీ, సర్దారు దగ్గర దాచిన ఆధార్ కార్డులు. ఇవన్నీ తల్లి చేతికే ఇప్పించి, ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టించండి.