కంపెనీ కాగితాలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఫలితాల పీడీఎఫ్‌ను కింది నుంచి పైకి

పోయిన పాఠంలో బీఎస్ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్) వెబ్‌సైట్ తెరిచి, ఒక కంపెనీ పేరు కొట్టి, దాని ఆరంకెల కోడ్ రాసుకోమన్నాను. డాక్టర్ రెడ్డీస్ తీసుకున్నవాళ్లకు 500124 వచ్చి ఉండాలి. ఆ పేజీలోనే కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్ అనే చోటు ఉందని కూడా చూశాం. ఈసారి అక్కడున్న ఫలితాల పీడీఎఫ్ తెరుద్దాం. మీరు ఎంచుకున్నది వేరే కంపెనీ అయితే దాన్నే తెరవండి.

ముందు ఆ కాగితం అక్కడికి ఎప్పుడు వస్తుందో తెలుసుకోవాలి. 2015లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన లిస్టింగ్ నిబంధనల ప్రకారం క్వార్టర్ (మూడు నెలల కాలం) ముగిసిన 45 రోజుల్లోపు కంపెనీ ఫలితాలు ఇవ్వాలి. మార్చి క్వార్టర్‌కు మాత్రం 60 రోజుల గడువు ఉంటుంది. ఏడాది మొత్తం లెక్కలను ఆడిట్ చేయించి ఇవ్వాలి కాబట్టి ఆ వెసులుబాటు. అందుకే మే నెలాఖరులో ఫలితాలు కుప్పలుగా వచ్చిపడతాయి. బోర్డు మీటింగ్ ముగిశాక 30 నిమిషాల్లో ఫలితాలు ఎక్స్ఛేంజ్‌కు చేరాలి. మార్కెట్ మూసేశాక మీటింగ్ ముగిస్తే 3 గంటల సమయం ఇస్తారు. అంటే టీవీలో స్క్రోలింగ్ వచ్చే వేళకే అసలు కాగితం మీకూ అందుబాటులో ఉంటుంది. పెద్ద ఫండ్ మేనేజర్ చూసేదీ, సిద్దిపేటలో ఫోన్ పట్టుకుని మీరు చూసేదీ ఒకటే పీడీఎఫ్. ఈ పాఠాలు రాయడానికి నాకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

ఆ రోజు సాధారణంగా రెండు కాగితాలు కనిపిస్తాయి. ఒకటి ప్రెస్ రిలీజ్. అందులో ఏం చెప్పాలో, ఏ అంకె పైన పెట్టాలో కంపెనీ ఇష్టం. రెండోది ఫలితాల పట్టిక, నోట్స్, ఆడిటర్ రిపోర్టు ఉన్న ఫైలింగ్. ఇందులో ఏ వరస తర్వాత ఏది రావాలో నిబంధన చెబుతుంది. ప్రెస్ రిలీజ్‌ను ఇవాళ్టికి పక్కన పెట్టండి.

ఫైలింగ్‌లో పట్టిక ఎదురుకాగానే అందరి కళ్లూ నికర లాభం దగ్గరికి పరుగెడతాయి. నేనూ అలాగే చేసేవాణ్ని. కొన్నేళ్ల కిందట ఒక చిన్న కంపెనీ లాభం రెట్టింపైందని టీవీలో చూసి, పది నిమిషాల్లో షేర్లు కొన్నాను. రాత్రి భోజనం చేశాక తీరిగ్గా పీడీఎఫ్ తెరిచాను. గతేడాది అదే క్వార్టర్‌లో లాభం 20 కోట్లు, ఇప్పుడు 41 కోట్లు. అంతా నిజమే. కానీ లాభానికి కొంచెం పైన ‘ఎక్సెప్షనల్ ఐటమ్స్’ అనే వరసలో 30 కోట్లు ఉంది. పక్కనే చిన్న అంకె, నోట్ 4. కిందికి వెళ్లి చూస్తే ఫ్యాక్టరీ పక్కన ఉన్న స్థలం అమ్మగా వచ్చిన లాభమని రాసి ఉంది. పన్ను సర్దుబాటు చేసి ఆ డబ్బు తీసేస్తే, అసలు వ్యాపారంలో లాభం గతేడాది కంటే తగ్గింది. స్థలం ఒక్కసారే అమ్ముతారు కదా! ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. కంపెనీ ఏదీ దాచలేదు, నేనే చదవలేదు. అప్పటినుంచీ కింది నుంచి పైకి చదవడం అలవాటు చేసుకున్నాను. మీకూ అదే నేర్పుతున్నాను.

మొదట నోట్స్. పట్టిక కింద చిన్న అక్షరాల్లో నంబర్లు వేసి ఉంటాయి. మొదటి ఒకటి రెండు దాదాపు ప్రతి కంపెనీలోనూ ఒకేలా ఉంటాయి. బోర్డు ఆమోదించింది, ఫలానా అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం తయారుచేశాం అని. వాటిని దాటేయండి. ఆ తర్వాతవి ఒక్కొక్కటీ నెమ్మదిగా చదవాలి. ఆస్తి అమ్మకం, కోర్టు కేసు, పన్ను డిమాండ్, ఫ్యాక్టరీలో ప్రమాదం, కొత్త కంపెనీ కొనుగోలు, రావలసిన బాకీ వసూలు కాకపోవడం, ఇవన్నీ అక్కడే ఉంటాయి.

తర్వాత ఆడిటర్ రిపోర్టు. జూన్, సెప్టెంబర్, డిసెంబర్ క్వార్టర్లకు చాలా కంపెనీలు ఇచ్చేది ‘లిమిటెడ్ రివ్యూ’. అంటే ఆడిటర్ మేనేజ్‌మెంట్‌ను ప్రశ్నలు అడిగి, అంకెలు పోల్చి చూస్తాడు. పూర్తి ఆడిట్‌లో చేసినంత తనిఖీ ఇందులో ఉండదు. ఈ రిపోర్టులో ఒక మాట చాలామందిని పొరపాటు పడేలా చేస్తుంది. క్వాలిఫైడ్ డాక్టర్ అంటే మనకు నమ్మకం కలుగుతుంది. కానీ ‘క్వాలిఫైడ్ ఒపీనియన్’, ‘క్వాలిఫైడ్ కన్‌క్లూజన్’ అని కనిపిస్తే జాగ్రత్తపడాలి. ఫలానా విషయంలో తప్ప మిగతా లెక్కలతో ఒప్పుకుంటున్నాను అని ఆడిటర్ అంటున్నాడని దానర్థం. ఆ ‘తప్ప’ ఏమిటో వెతకాలి. ‘ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్’ అంటే అభ్యంతరం లేదు గానీ ఈ నోట్ తప్పకుండా చదవండి అని వేలు పెట్టి చూపడం. ఏ నోట్ నంబరో కూడా చెబుతాడు.

ఇప్పుడు పట్టిక. పైన మూలలో అంకెలు కోట్లలోనా, లక్షల్లోనా, మిలియన్లలోనా అన్నది ముందు చూడండి. 10 మిలియన్లు అంటే ఒక కోటి. స్టాండలోన్ (ఆ కంపెనీ ఒక్కదానివి), కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపి) అని రెండు పట్టికలుంటే కన్సాలిడేటెడ్ తీసుకోండి. మొదటిది ఇంటిపెద్ద జీతం ఒక్కటే చూడటం లాంటిది. రెండోది ఇంట్లో అందరి సంపాదన, అందరి అప్పులు కలిపి చూడటం. ఈ క్వార్టర్‌ను గతేడాది అదే క్వార్టర్‌తో పోల్చండి. ఏసీలు అమ్మే కంపెనీ వేసవి అమ్మకాలను వానాకాలం అమ్మకాలతో పోలిస్తే ఏమీ తెలియదు.

ఇంత చదివితే మోసం దొరికిపోతుందా అని అడిగితే, ప్రతిసారీ దొరకదు అనే చెబుతాను. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ సంగతే తీసుకోండి. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబర్ చివరికి పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేవు. ఆ క్వార్టర్‌లో ఆపరేటింగ్ మార్జిన్ (వ్యాపారం మీద మిగిలిన లాభం) 649 కోట్లని చూపారు. నిజంగా ఉన్నది 61 కోట్లు. రావలసిన వడ్డీని కూడా 376 కోట్లు కల్పించి రాశారు. కాబట్టి డబ్బుకు వడ్డీ ఏదీ అని వెతికినవాడికి అదీ కనిపించేది. పట్టిక మాత్రమే చూసిన మదుపరి తప్పేమీ లేదు.

అయితే ఆ లేఖకు మూడు వారాల ముందు, 2008 డిసెంబర్ 16న, ఇంకో ప్రకటన వచ్చింది. కంపెనీ డబ్బుతో రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామన్నారు. మదుపరులు ఆ ప్రకటన చదివి గట్టిగా ఎదురుతిరిగారు. గంటల్లోనే ఆ కొనుగోలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ కాగితంలో అంకెల కంటే ముఖ్యమైనది కొంటున్నది ఎవరి దగ్గర అన్నది. కాబట్టి నోట్స్‌లో ‘రిలేటెడ్ పార్టీ’ (యజమానులు, వాళ్ల కుటుంబం, వాళ్ల కంపెనీల లాంటివి) అని ఎక్కడ కనిపించినా ఆగి, ఎవరికి ఎంత వెళ్లిందో రాసుకోండి.

రాజు లేఖ వచ్చిన నెలలోనే, 2009 జనవరిలో, ప్రమోటర్లు (కంపెనీని తమ చేతుల్లో ఉంచుకున్న యజమానులు) తమ షేర్లు తాకట్టు పెడితే బయటపెట్టి తీరాలని సెబీ నిర్ణయించింది. బీఎస్ఈ పేజీలో షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ తెరిస్తే తాకట్టు వివరాల కాలమ్ కనిపిస్తుంది. క్వార్టర్ ముగిసిన 21 రోజుల్లో ఆ పట్టిక రావాలి. అంటే చాలాసార్లు ఫలితాలకంటే ముందే వస్తుంది.

అమెరికాలో ఉండి చదువుతున్నవాళ్లకు ఒక మాట. డాక్టర్ రెడ్డీస్ 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కూడా ఉంది. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ నడిపే ఎడ్గార్ వెబ్‌సైట్‌లో ఈ కంపెనీ వార్షిక నివేదిక ఫామ్ 20-ఎఫ్ పేరుతో ఉంటుంది. వ్యాపారానికి ఉన్న రిస్కుల గురించి అందులో చాలా పేజీలు రాస్తారు. ఓపిక ఉంటే ఆ భాగం చదవండి.

ఈ వారం పని: మీ కంపెనీ తాజా ఫలితాల పీడీఎఫ్ తెరిచి నోటుబుక్కులో ఐదు విషయాలు రాయండి. ఎక్సెప్షనల్ ఐటమ్స్ ఎంత, ఎందుకు? అదర్ ఇన్‌కమ్ (వడ్డీ లాంటి, అసలు వ్యాపారం కాని ఆదాయం) ఎంత? ఆడిటర్ ఏ నోట్‌ను వేలెత్తి చూపాడు? రిలేటెడ్ పార్టీ మాట ఎక్కడైనా ఉందా? ప్రమోటర్ల షేర్లలో ఎన్ని తాకట్టులో ఉన్నాయి? దాంతోపాటు సెప్టెంబర్ లేదా మార్చి ఫలితాల పీడీఎఫ్ ఒకటి డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి. క్యాష్ ఫ్లో (డబ్బు రాకపోకల) పట్టిక ఆ రెండింటిలోనే తప్పనిసరిగా ఇస్తారు. 4వ పాఠంలో మనం తెరవబోయేది ఆ పేజీనే.