సంఘం లెక్కలు – 4వ పాఠం: కొట్టేసిన పేర్ల సంగతి

ఈ పాఠంలో మన మహిళా పొదుపు సంఘాల అప్పుల పట్టిక మొదలుపెట్టాలి. కుదిరేలా లేదు. మూడో పాఠం చదివి మీరు పంపిన హాజరు పట్టికల ఫొటోలు నా ఫోన్ నిండా ఉన్నాయి. 90 శాతం, 93, 96. ఒక సంఘానికైతే నూటికి నూరు. టెక్కలి వైపో చీపురుపల్లి వైపో సంఘం మీటింగులో ఒక్కసారి కూర్చున్నవాళ్లకైనా ఈ అంకెలు చూస్తే నవ్వొస్తుంది. ఉభాల నెలలో, అంటే వరి నాట్ల నెలలో, 96 శాతం హాజరు ఎక్కడుంటుందండీ?

మీరెవరూ అబద్ధం రాయలేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. కూడికలు సరిపోయాయి, శాతాలు సరిగ్గానే కట్టారు. శాతం కట్టడం ఎలాగో ఈ పాఠాల్లో చెప్పను కూడా. ఫోన్లో కాలిక్యులేటర్ ఉంది. తప్పు దేనితో భాగించారో అక్కడ ఉంది. దీని మీదే ఈ పాఠమంతా పోయేలా ఉంది, ఓపిక పట్టండి.

వచ్చిన ఫొటోల్లో ఒకటి చూడండి. పొడుగు రిజిస్టరులో ఒక పేజీ, 12 వరసలు. 7వ వరస మీద, 11వ వరస మీద స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో గీత. పక్కన ఇరికించి చిన్న అక్షరాల్లో 'సొంత ఇష్టంతో మానుకున్నారు' అని రాసి ఉంది. రెండు చోట్లా ఒకే చేతిరాత, ఒకే తేదీ. ఇద్దరు మనుషులకి ఒకే రోజున ఒకే ఇష్టం కలిగిందా? కాదు. ఆ రోజు గ్రేడింగు కోసం, అంటే సంఘం ఎంత బాగా నడుస్తోందో గ్రేడు వేయించుకోవడం కోసం, పుస్తకం సర్దారు, అంతే.

ఇప్పుడు ఆ సంఘం లెక్క చూద్దాం. ఆరు నెలలు, నెలకో మీటింగు. పుస్తకంలో మిగిలినవాళ్లు 10 మంది, అంటే రావాల్సిన హాజర్లు 60. వచ్చినవి 54. తొంభై శాతం. బ్యాంకుకి చూపించడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అదే పేజీలో గీత కింద దాక్కున్న ఇద్దరినీ లెక్కలోకి తెస్తే రావాల్సినవి 72. వచ్చినవి అవే 54. డెబ్భై ఐదు శాతం. సంఘం మారలేదు, మీటింగులు మారలేదు, ఒక ఎర్ర గీత 15 శాతం పెంచింది.

పదో తరగతిలో వెనకబడ్డ పిల్లల్ని పరీక్షకు కూర్చోనివ్వకుండా నూరు శాతం పాస్ అని గేటుకి ఫ్లెక్సీ కట్టే బడులున్నాయి కదా, మనం చేస్తున్నదీ అదే. ఆ బడికి ఫీజులొస్తాయి. మనకి ఏమొస్తుంది? పేదరికం తగ్గించడానికి పెట్టుకున్న సంఘం నుంచి ముందుగా జారిపోయేది ఎప్పుడూ అందరికంటే పేద మనిషే. ఆ మనిషి పేరు తీసేసి కట్టిన ఏ శాతమైనా మిగిలినవాళ్లు బాగున్నారని మాత్రమే చెబుతుంది. అది మనకి లెక్క వేయకుండానే తెలుసు.

సంఘాలు పాటించాల్సిన పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం, ఐదోది సరైన పుస్తకాలు. మొదటిది బాగుందని చూపించడానికి మనం ఐదోదాన్ని దిద్దుతున్నాం.

కాబట్టి ఇక నుంచి పేరు కొట్టేయొద్దు. మానేసిన మనిషి వరస అలాగే ఉంచి, మానేసిన నెల నుంచి గడుల్లో చిన్న సున్నా పెట్టండి. పెన్సిల్‌తో పెట్టండి, తిరిగి రావచ్చు. చనిపోయినవాళ్లని, పెళ్లయి వేరే ఊరు వెళ్లి అక్కడి సంఘంలో చేరినవాళ్లని మాత్రం లెక్కలోంచి తీసేయవచ్చు. మధ్యలో చేరినవాళ్లని చేరిన నెల నుంచి కలపండి. పేజీ అడుగున రెండు శాతాలు రాయండి: ఇప్పుడున్నవాళ్ల మీద ఒకటి, మానేసినవాళ్లతో సహా మొదటి నుంచి చేరినవాళ్లందరి మీద ఒకటి. రెండూ దగ్గరగా ఉంటే సంఘం నిజంగానే బాగుంది. దూరం ఉంటే మీ పని ఆ తేడాలో ఉంది. నేనైతే కొత్త సంఘానికి వెళ్తే ముందు ఈ తేడానే చూస్తాను, మిగతా పేజీలు తర్వాత.

దీనికి యాప్ ఉందా అని అడిగారు. యాప్‌లో పేరు తీసేస్తే గీత కూడా మిగలదు. నాకు కాగితమే నయం.

ఇదే జబ్బు వేరే లెక్కల్లోనూ ఉంటుంది. 'మా గ్రామ సంఘంలో వసూలు నూటికి నూరు' అంటారు (గ్రామ సంఘం అంటే ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసినది). పాత అప్పు కొత్త అప్పుతో మూసేశారేమో అడగండి. మూసేసిన అప్పు బ్యాంకు పుస్తకంలో వసూలైనట్టే, ఇంట్లో మాత్రం అలాగే ఉంటుంది. పొదుపూ అంతే. నెల నెలా అందరూ కడుతున్నారంటారు గానీ ఒకామె పొదుపు పక్కింటామె కడుతోందని, అందుకు బదులుగా ఆమె పేరు మీద వచ్చే అప్పు పక్కింటామే వాడుకుంటోందని పుస్తకంలో ఉండదు. దీని గురించి వచ్చే పాఠంలో చాలా చెప్పాలి. కుట్టు శిక్షణ, మేకల పెంపకం శిక్షణ, 'హాజరైనవారు 30' అని రాసే ప్రతి కాగితం చూసినప్పుడూ ఎంతమందిలో 30 అని అడగడం అలవాటు చేసుకోండి.

మరి అసలు భాగించాల్సింది ఎంతతో? సంఘం పుట్టిన రోజు పేర్లతో సరిపోతుందా? నా లెక్కలో చాలదు. 2000లో వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అప్పట్లో ఊరి మధ్య నేల మీద ముగ్గుతో పటం గీసి, ఏ ఇల్లు నిరుపేద, ఏ ఇల్లు పేద అని ఊరివాళ్ల చేతే చెప్పించేవారు. ఆ జాబితాలు పాతవైపోయాయి, కానీ పద్ధతికి వయసు లేదు. మీ గ్రామ సంఘంలో మళ్లీ గీయించండి. మాటవరసకి 40 నిరుపేద కుటుంబాలు తేలాయనుకుందాం. వాటిలో సంఘాల్లో ఉన్నవి 26. క్రమంగా మీటింగుకి వచ్చేవి 13. సంఘాల్లో ఉన్నవాళ్ల మీద లెక్క వేస్తే సగం. ఊళ్లో ఉన్నవాళ్ల మీద వేస్తే మూడో వంతు కూడా లేదు. గ్రామ సంఘం నివేదికలో రెండో అంకె వేసే ధైర్యం ఎంతమందికి ఉంటుందో చూడాలి.

ఇక వాళ్లు ఎందుకు రావట్లేదు? 'ఆసక్తి లేదు' అని రాసిన పట్టికలు పంపారు కొందరు. ఆ మాట రాయడం ఇవాళ్టితో మానేయండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో భర్తకో మామకో డయాలసిస్ జరుగుతున్న ఇల్లాలు వారంలో రెండు మూడు రోజులు ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. మీ మీటింగు ప్రతిసారీ మంగళవారమే, ఆమె వంతూ మంగళవారమే అయితే ఆమె రాకపోవడానికి ఆసక్తితో పనేమిటి? మీటింగు బుధవారానికి మార్చండి, హాజరు పట్టిక దానంతటదే మారుతుంది. పలాసలో జీడిపిక్కల పనికి పోయేవాళ్లకి పగలు పదకొండింటికి మీటింగు పెడితే ఆ రోజు కూలి పోయినట్టే. మెళియాపుట్టి, మందస కొండల అంచున ఉన్న సవర గూడేల నుంచి కిందికి దిగి రావాలంటే సగం పూట పోతుంది. వచ్చాక తీర్మానాలు పుస్తకాల తెలుగులో గబగబా చదివేస్తారు. నాలుగుసార్లు మీటింగు పెద్ద ఊళ్లో పెడితే ఒక్కసారైనా గూడెంలో పెట్టారా? హైదరాబాద్, చెన్నై పనులకి వలస పోయినవాళ్లు సంక్రాంతికి వస్తారు. ఏడాది మొత్తంలో వాళ్లని పట్టుకోగలిగిన వారం అదొక్కటే. ఆ వారం మీ సంఘానికి సెలవు.

(విజయనగరం వాళ్లు పైడితల్లి సిరిమాను పండగ రోజున మీటింగు పెట్టి, హాజరు తగ్గిందని నాకు ఫొటో పంపొద్దు.)

ఇంకో గొడవ. మూడో పాఠం పట్టికని ఒక గ్రామ సంఘం వాళ్లు పేర్లతో సహా ఆఫీసు గోడకి అంటించారు. ఎవరెన్ని మీటింగులకి రాలేదు, ఎవరెంత బాకీ, అన్నీ. పారదర్శకత అట! ఒకామె కోడలు అది చూసి ఇంటికెళ్లి చెప్పింది. ఆ తర్వాతి మీటింగుకి ఆమె రాలేదు. ఇప్పుడు ఆమె వరసలో ఇంకో సున్నా. అంకెలు మీటింగులో చెప్పండి, పేర్లు మనిషితో ఒంటరిగా మాట్లాడండి. '12 మందిలో ముగ్గురికి మీటింగు టైం కుదరట్లేదు, ఏం చేద్దాం' అని అడిగితే ఊరు మాట్లాడుతుంది. పేరు చదివితే ఊరు చూస్తుంది.

అడిగే పద్ధతి కూడా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ఆడవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు దాదాపు సగమే. కాగితం చేతికిస్తే మిగతా సగం నోరు మూసుకుంటుంది. చింతపిక్కలు తీసుకెళ్లండి. నేల మీద మూడు గళ్లు గీయండి: పొద్దున్న, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక. మనిషికి ఐదు పిక్కలు, కుదిరే గడిలో వేసుకోమనండి. ఐదూ ఒకే గడిలో వేసినామె దగ్గరే నిజమైన ఇబ్బంది ఉంది, ఆమెని తర్వాత పలకరించండి. అధ్యక్షురాలు ఆఖరున వేయాలి, ఆఖరున మాట్లాడాలి. ఆమె ముందే 'పదకొండైతే అందరికీ బాగుంటాది కదమ్మా' అనేసిందంటే ఇక పిక్కలు లెక్కపెట్టక్కర్లేదు. అన్నీ ఒకే గడిలో ఉంటాయి.

నాయకత్వానికీ ఒక లెక్క ఉంది, ఇది ఎవరూ వేయరు. రిజిస్టరు వెనక పేజీలో ఒక పట్టిక గీసి, బ్యాంకుకి ఎవరు వెళ్లారు, మండల సమాఖ్యకి ఎవరు వెళ్లారు, అధికారి వచ్చినప్పుడు ఎవరు మాట్లాడారు అని రాస్తూ పోండి. ఏడాదిలో 14 సార్లు బ్యాంకుకి వెళ్తే 13 సార్లు ఆ ఇద్దరే అయితే, మీ దగ్గర నాయకురాళ్లు ఇద్దరే ఉన్నారు, తీర్మానాల్లో పదవులు ఎన్నిసార్లు మారినా సరే. దీనికి నేను చేసే పని చిన్నది: తెలిసిన ఒకరితో పాటు ఎప్పుడూ వెళ్లని ఒకరిని పంపడం. వోచర్ కొత్తామె చేతికివ్వాలి, కౌంటర్ దగ్గర ఆమే మాట్లాడాలి, తెలిసినామె పక్కన నిలబడాలి. మొదటిసారి ఆలస్యమవుతుంది, లైన్లో వెనకవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇక అభ్యాసం. కష్టమైనదే ఇస్తున్నాను. మీ సంఘంలో కొట్టేసిన పేర్లలో ముగ్గురి ఇళ్లకి వెళ్లండి. రిజిస్టరు, పెన్ను పట్టుకెళ్లొద్దు. అధ్యక్షురాలిని, విఓఏని (గ్రామ సంఘం సహాయకురాలిని) తీసుకెళ్లొద్దు. బాకీ మాట ఎత్తొద్దు. అడగాల్సినవి మూడే: చివరిసారి వచ్చిన మీటింగులో ఏం జరిగింది, ఏ రోజు ఏ పూట అయితే కుదురుతుంది, సంఘంలో మీరు నోరు విప్పి మాట్లాడగలిగేది ఎవరితో. మూడో దానికి 'ఎవరితోనూ కాదమ్మా' అంటే అక్కడ ఆగి, ఇచ్చిన టీ తాగి వచ్చేయండి. ఇంటికొచ్చాక గుర్తున్నంత వరకు రాసుకోండి, పేర్లు రాయకుండా.

ఆ తర్వాతే రెండు శాతాలూ కట్టి పంపండి. ఒక్క శాతమే ఉన్న పట్టికలు ఈసారి చూడను. 100 వచ్చిన సంఘం వాళ్లు మొదటి పేజీ ఫొటో కూడా పంపాలి, గీతలతో సహా.