ఎడిటరా, ఐడీఈనా? ముందు మీ పనేంటో చూసుకోండి

ఎడిటర్ అంటే కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్, ఐడీఈ అంటే దాంతోపాటు కోడ్ నడపడం, తప్పులు వెతకడం లాంటివన్నీ ఒకేచోట ఉండేది. చిన్న పైథాన్ స్క్రిప్టో, సర్వర్‌లో కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో ఒక్క లైను మార్చడమో అయితే విమ్ లాంటి ఎడిటర్ చాలు. 1991 నుంచి ఉన్నది, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లోనే నడుస్తుంది, కాబట్టి కనీసం ఎస్కేప్ నొక్కి :డబ్ల్యూక్యూతో సేవ్ చేసి బయటికి రావడమైనా నేర్చుకోండి.

పెద్ద జావా ప్రాజెక్టు అయితే మాత్రం మొహమాటం లేకుండా ఇంటెల్లిజే ఐడియా లాంటి ఐడీఈ పెట్టుకోండి, ఎందుకంటే చాలా ఫైళ్లలో వాడిన మెథడ్ పేరు మార్చాలంటే ఎడిటర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే వేరే క్లాసులో అదే పేరున్న మెథడ్‌ని కూడా మార్చేస్తుంది, ఐడీఈలోని రీనేమ్ అయితే కోడ్‌ని అర్థం చేసుకుని మీరు చెప్పినదాన్నే మారుస్తుంది. కోడ్‌లో తప్పులు వెతికే డీబగ్గర్ సంగతి సరేసరి, బ్రేక్‌పాయింట్ పెడితే ఆ లైను దగ్గర ఆగి వేరియబుల్స్ విలువలన్నీ చూపిస్తుంది.

ర్యామ్ తక్కువై ఐడీఈ బరువనిపిస్తే వీఎస్ కోడ్ అనే తేలికైన ఎడిటర్ తీసుకుని, అవసరమైన ఎక్స్‌టెన్షన్లే వేసుకోండి.