గండికోటలో బోటెక్కే ముందు

కార్తీకం మొదలైతే సంక్రాంతి దాకా గండికోటకు జనం తగ్గరు. లోయ అంచున ఫొటోలు దిగడం అయ్యాక చాలామంది చూపు నీళ్ల మీదికి పోతుంది. బోటెక్కండి, సంతోషంగా తిరిగి రండి. ఎక్కే ముందు మాత్రం కొన్ని చూసుకోండి.

"నాకు ఈత వచ్చులే" అని లైఫ్ జాకెట్ పక్కన పడేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. మన వైపు చాలామంది నడుముకు బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లే. బావిలో నాలుగు బారలు వేస్తే మెట్టు అందుతుంది. పెన్నా లోయలో ఒడ్డు అంటే చాలాచోట్ల నిలువు బండ. పట్టుకోవడానికి సందు దొరకదు, కాలు మోపే చోటుండదు. ఎంత ఈతగాడైనా సాయం వచ్చేదాకా తేలుతూ ఉండాల్సిందే. అప్పుడు చేతుల్లో సత్తువ అయిపోయినా జాకెట్ మనిషిని పైనే ఉంచుతుంది.

ఆ జాకెట్ బోటులో ఉంటే చాలదు, ఒంటిమీద ఉండాలి. బోటు తిరగబడ్డాక దాన్ని వెతికి తొడుక్కునే టైమ్ ఎవరికీ ఉండదు. ఒడ్డునే వేసుకుని బకిల్స్ అన్నీ పెట్టండి. పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే, పట్టీలు బిగించండి. చీర కట్టుకున్నవాళ్లు కొంగు లోపలికి సర్ది పైన జాకెట్ వేసుకోవాలి, కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోవాలి. లేకపోతే నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటాయి. పెద్దల జాకెట్ పిల్లలకు వెయ్యొద్దు. నీళ్లలో పడగానే తల మీదుగా జారిపోతుంది. వాళ్ల సైజుది, కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చేది అడగండి. లేదంటే ఆ ట్రిప్పు మానుకోండి, బిడ్డ ఏడ్చినా సరే.

2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజన్ బోటుకు రిజిస్ట్రేషన్, తనిఖీ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఉండాలి. నడిపేవాళ్లకు అర్హత పత్రం ఉండాలి. ఇవి అడగడానికి మొహమాటం ఎందుకు? టికెట్ డబ్బులు మనవే కదా. ఎంతమంది ఎక్కాలో బోటు మీద రాసి ఉంటుంది. "ఇంకొక్కరేగా" అంటే దిగిపోండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది వరద పోటు మీదున్నప్పుడే. మన దగ్గరా పైనుంచి నీళ్లు వదిలినప్పుడు, గాలి లేచినప్పుడు, పొద్దు గుంకే వేళ బోటు జోలికి పోవద్దు. చేపలు పట్టేవాళ్ల పుట్టి ఎక్కి సెల్ఫీ కోసం లేచి నిలబడటం మరీ ప్రమాదం. ఒకవైపు బరువు పడితే చాలు, ఒరిగిపోతుంది.

బండల మీద నుంచి దూకే కుర్రాళ్లకు ఒక మాట. పైనుంచి చూస్తే నీళ్లు నిండుగా కనిపిస్తాయి, అడుగున బండ ఎంత లోతులో ఉందో కనిపించదు. తల ముందుగా దూకితే మెడ విరుగుతుంది. ఇక రిజర్వాయర్ విశాలంగా ఉన్నచోట కింద ఉన్నవి ఊళ్లు. తాళ్లప్రొద్దుటూరు లాంటి ముంపు గ్రామాల గోడలు, చెట్లు ఆ నీటి కిందే ఉన్నాయి. బురద నీటిలో ముందున్న చెయ్యే కనబడదు, సరదాకి మునిగి చూసే చోటు కాదది. గేట్ల దగ్గరికి అసలే పోవద్దు.

బోటు తిరగబడితే దాన్నే పట్టుకుని ఉండండి, ఒడ్డుకు ఈదుదామని వదలొద్దు. లోయలో సిగ్నల్ అన్నిచోట్లా దొరక్కపోవచ్చు కాబట్టి ఎప్పటికి తిరిగొస్తారో పైన ఉన్నవాళ్లకు చెప్పి దిగండి. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకండి. భయంలో వాళ్లు మిమ్మల్నీ కిందికి లాగేస్తారు. 112కు ఫోన్ కొట్టించి, తాడు విసరండి, చున్నీ అందించండి, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ అయినా సరే వాళ్ల చేతికి అందేలా వేయండి.