‘బెన్-హర్’ చూశాక అభిప్రాయం రాయాలనుకుంటే

1959 నాటి హాలీవుడ్ సినిమా ‘బెన్-హర్’ మీద నేను మొదటిసారి రాసింది మొత్తం ఐదారు వాక్యాలు. రథాల పందెం అదిరిపోయింది, మిగతాదంతా సాగదీత, హీరోది ఓవరాక్షన్, ఐదుకి మూడు. అది చదివి మా పెద్దన్న ఒక్కటే అడిగాడు: “పెంకు పడ్డాక మెస్సాలా మేడ మీదికెళ్లి ఏం చేశాడురా?”

మెస్సాలా అంటే ఇందులో విలన్, హీరో జూడాకు చిన్ననాటి స్నేహితుడైన రోమన్ అధికారి. అతనేం చేశాడో నాకు గుర్తులేదు. ఆ టైమ్‌లో ఫోన్ చూసుకుంటున్నాను. పైగా “గవర్నర్ మీద హత్యాయత్నం జరిగిందని నమ్మి మెస్సాలా స్నేహితుణ్ని శిక్షించాడు” అని ధీమాగా రాసేశాను కూడా.

మళ్లీ పెట్టి చూశాను. జూడా చెల్లెలు తీర్జా రోమన్ గవర్నర్ ఊరేగింపు చూడటానికి పిట్టగోడ మీద ఆనుకుంటుంది. పెంకు ఊడి వీధిలో పడుతుంది, గవర్నర్ గుర్రం మీంచి పడిపోతాడు. సైనికులు ఇంట్లోవాళ్లను పట్టుకుంటారు. ఆ తర్వాత మెస్సాలా ఒక్కడే పైకి వెళ్లి పెంకు మీద చెయ్యి వేస్తాడు. అది వదులుగా ఉంది. జరిగింది ప్రమాదమేనని అక్కడే అతనికి తెలిసిపోయింది. అయినా జూడాను తెడ్లు వేసే బానిసగా పంపాడు. పాత స్నేహితుణ్నే వదల్లేదంటే జనం తనకు భయపడతారని లెక్క. ఒక్క మాట కూడా లేని ఆ సీను చూడకపోతే విలన్ మీద మనం రాసేదంతా తప్పే. నేను రాసింది అలాగే అయింది.

కాబట్టి మొదటి పని, ఫోన్ పక్క గదిలో పెట్టడం. సినిమా 3 గంటల 32 నిమిషాలు. ఒకే బైఠక్‌లో చూడలేకపోతే మధ్యలో ఇంటర్వెల్ వాళ్లే ఇచ్చారు, అక్కడ ఆపండి. మీకు నచ్చిన చోట ఆపి మర్నాడు మొదలుపెడితే, “సెకండాఫ్ పట్టు తప్పింది” అనిపించడంలో సగం తప్పు మీదే. మొదట్లో మైకెలాంజెలో బొమ్మ ఒకటి కదలకుండా ఉండి సంగీతం మాత్రమే వస్తుంది, కొన్ని నిమిషాల పాటు. వీడియో ఆగిపోలేదు. సంగీత దర్శకుడు మిక్లోష్ రోజా సంగీతానికి ముందుమాట అది. నేను మొదటిసారి నెట్ తిట్టుకుంటూ ముందుకు జరిపేశాను.

తర్వాత, ఏ తెర మీద చూశారో రాయండి. దీన్ని తీసింది 65 ఎం.ఎం. ఫిల్మ్ మీద. తెర వెడల్పు ఎత్తుకు 2.76 రెట్లు. టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు వస్తే బొమ్మ పూర్తిగా ఉన్నట్టు. పట్టీలు లేకుండా తెర నిండా కనిపిస్తోందంటే పక్కలు కోసేశారని అర్థం. జూడావి నాలుగు తెల్ల గుర్రాలు, మెస్సాలావి నాలుగు నల్ల గుర్రాలు. ఎనిమిదీ పక్కపక్కన పరుగెత్తే షాట్‌లో సగమే కనబడితే పందెం చప్పగా ఉందనిపించడంలో వింతేముంది?

పందెం గురించి రాయకుండా ఎవరూ ఉండలేరు, రాయండి. కానీ “అద్భుతం” అని వదిలేయకండి. అది దాదాపు 9 నిమిషాలు. పందానికి ముందు రథాలు బారులు తీరి నడిచేటప్పుడు బాకాల మోత ఉంటుంది. పందెం మొదలయ్యాక సంగీతం పూర్తిగా ఆగిపోతుంది. డెక్కల చప్పుడు, చక్రాల చప్పుడు, జనం అరుపులు, అంతే. ఒక్కో చుట్టు అయ్యేకొద్దీ ఒక్కో డాల్ఫిన్ బొమ్మ కిందికి వాలుతుంది. మీకు టెన్షన్ పుట్టింది ఆ నిశ్శబ్దం వల్లా, మెస్సాలా చక్రాలకున్న కత్తుల వల్లా, గుర్రాల వేగం వల్లా? అది ఒక్కటి చెప్పగలిగితే మీ అభిప్రాయం మిగతావాళ్ల కంటే ఒక మెట్టు పైన ఉన్నట్టే.

పుకార్ల జోలికి మాత్రం పోకండి. పందెం తీస్తుండగా ఒక స్టంట్‌మ్యాన్ చనిపోయాడని, వెనక ఎర్ర కారు కనిపిస్తుందని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1959 సినిమాలో ఎవరూ చనిపోలేదు. ప్రాణం పోయింది 1925 నాటి మూకీ ‘బెన్-హర్’ షూటింగ్‌లో. ఇక ఎర్ర కారు కోసం నేను కళ్లు చికిలించి రెండుసార్లు వెతికాను, లేదు. నిజంగా జరిగింది వేరే: జూడాగా నటించిన చార్ల్టన్ హెస్టన్‌కు డూప్‌గా చేసిన జో కనట్, రథం పడిపోయిన బండ్ల మీదుగా ఎగిరినప్పుడు అనుకోకుండా ముందుకు పడ్డాడు. గడ్డానికి దెబ్బతో బయటపడ్డాడు. ఆ షాట్‌ను ఉంచేసి, హెస్టన్ మళ్లీ రథంలోకి ఎక్కే క్లోజప్ తీసి అతికారు.

“11 ఆస్కార్లు వచ్చాయి కాబట్టి గొప్ప సినిమా” అన్నది అభిప్రాయం కాదు, సమాచారం. అలాగే “చరిత్ర ప్రకారం తప్పు” అని ఒక్క ముక్కతో కొట్టేయడమూ తేలికే. రోమన్ యుద్ధనౌకల్లో తెడ్లు వేసినవాళ్లు ఎక్కువగా స్వతంత్రులే, గొలుసులు వేసిన బానిసలు కాదు. ఆ మాట రాయండి. రాసి, ఆ సీను మీ మీద ఎలా పనిచేసిందో కూడా రాయండి. తెడ్ల లయ కోసం కొట్టే సుత్తి దెబ్బల వేగం పెంచమని రోమన్ నౌకాదళ అధికారి అరియస్ ఒకదాని తర్వాత ఒకటి ఆజ్ఞలిస్తుంటాడు, ఒక్కొక్కరే తెడ్డు మీదే కూలిపోతుంటారు, 41వ నంబరు బానిస, అంటే జూడా మాత్రం అతని వంకే చూస్తూ లాగుతుంటాడు. నేను ఊపిరి బిగపట్టి చూశాను. చరిత్ర తప్పయినా సీను పండింది, రెండూ నిజమే.

ఇబ్బంది పెట్టినవి దాచకండి. అరబ్ షేక్ ఇల్డెరిమ్‌గా వేల్స్ నటుడు హ్యూ గ్రిఫిత్‌కు ముఖం నల్లబరిచి నటింపజేశారు. ఆ పాత్రకే ఆయనకు ఆస్కార్ వచ్చింది. నాకు ఆయన హాస్యం నచ్చింది, ఆ మేకప్ నచ్చలేదు. రెండు వాక్యాలూ పక్కపక్కనే రాశాను.

సాగదీత అంటారా, ఎక్కడో చెప్పండి. పందెం అయ్యాక ఇంకా ముప్పావు గంటకు పైనే ఉంది. అది దండగని మా అన్న వాదన. నేను ఒప్పుకోలేదు. మొదటి సగంలో నజరేతులో దాహంతో పడిపోయిన జూడాకు ఒకాయన నీళ్లు పోస్తాడు. అడ్డుకోబోయిన సైనికుడు ఆయన ముఖం చూసి వెనక్కి తగ్గుతాడు. మనకు మాత్రం ఆయన వీపే కనిపిస్తుంది, సినిమా మొత్తంలో ముఖం చూపించరు. చివర్లో శిలువ మోస్తూ పడిపోయిన ఆయనకు జూడా నీళ్లు అందించబోతాడు. మొదటి గిన్నె గుర్తున్నవాళ్లకే రెండోది తగులుతుంది. ఆ తర్వాత తుఫానులో జూడా తల్లికీ చెల్లికీ కుష్ఠు నయమయ్యే ఘట్టం మాత్రం నాకూ తొందరగా చుట్టేసినట్టే అనిపించింది. కథ విప్పేస్తున్నప్పుడు, ఇలాంటి చోట, ముందే ఒక హెచ్చరిక పెట్టండి.

నా రెండో అభిప్రాయంలో మార్కులు ఐదుకి నాలుగయ్యాయి. పాతది తీసేయలేదు. దాని పైన “ఫోన్ చూసుకుంటూ చూసినప్పుడు రాసింది” అని ఒక లైను చేర్చాను.