బొచ్చు గుడ్డతో పులిచర్మం: నా అనుభవం

శివరాత్రికి శివయ్య పటం ముందు పులిచర్మం పరవాలని మా పాప కోరిక. అసలు చర్మం ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, పైగా నాకు మనసొప్పదు. అందుకే మీటరున్నర గోధుమరంగు బొచ్చు గుడ్డ కొన్నాను. రంగులతో కలిపి ఆరొందల లోపే అయింది.

మొదట కత్తెరతో పైనుంచి కోసేశాను. ఇల్లంతా బొచ్చే! అంచులు గొరిగినట్టు బోడిగా తేలాయి. రెండోసారి గుడ్డ తిరగేసి, వెనక సుద్దముక్కతో ఆకారం గీసి, బ్లేడు మొనతో అడుగు గుడ్డను మాత్రమే కోశాను. మెల్లగా విడదీస్తే వెంట్రుక తెగకుండా వచ్చేసింది.

చారలతోనూ తిప్పలే. నల్ల అక్రిలిక్ రంగు చిక్కగా పూస్తే ఆరాక అట్టకట్టింది. నీళ్లు కలిపి పలచన చేసి, కొద్దికొద్దిగా అద్ది, తడి ఆరకముందే పాత టూత్‌బ్రష్‌తో బొచ్చు వాలిన వైపే దువ్వాను. ఆరేదాకా మధ్యమధ్య దువ్వుతూనే ఉండాలి, ఓపిక అంతా ఇక్కడే కావాలి. ముందు ఒక పీలిక మీద వేసి చూసుకోండి.

టైల్స్ మీద జారకుండా అడుగున రబ్బరు షీటు వేశాను. దీపం మాత్రం దూరంగా పెట్టండి. ఇది సింథటిక్, ఇట్టే అంటుకుంటుంది.